సవతమ్మకు చూపించని కంప్యూటర్

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కునే రకం నేను. నమ్మకపోవడం ఒక్కటే కాదు, చిరాకు కూడా. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని. ఏ చప్పుడుకైనా ఒక కారణం ఉంటుందని వాళ్ళకు చెప్తాను. ఇప్పటికీ అదే చెప్తున్నాను. కాకపోతే మా ఇంట్లో వినిపించిన ఒక చప్పుడుకు కారణం ఏమిటో నాకు ఇంతవరకు దొరకలేదు.

మాది వరంగల్‌లో కొత్తవాడ. నేను మా ఆయనకు రెండో భార్యను. మొదటి భార్య పేరు స్వరూప. కామెర్లు ముదిరి దవాఖానలో పోయింది. పిల్లలు లేరు. కొన్నేళ్ళ తర్వాత నన్ను చేసుకున్నాడు. ఆయన హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ.

స్వరూప మీద నాకు కుళ్ళు. దాచుకోవడానికి ఏమీ లేదు, మొదటి రోజు నుంచీ కుళ్ళే. బతికున్న సవతి అయితే నోరు చేసుకోవచ్చు, ముఖం తిప్పుకోవచ్చు. పోయిన మనిషితో ఎట్లా కొట్లాడాలి? ఆమె కూరలో ఎన్నడూ ఉప్పు ఎక్కువ కాదు. ఆమెకు వయసు రాదు. ఫోటోలో కూడా నాకంటే బాగుంటుంది.

పైగా ఆమెను రోజూ మెడలో వేసుకుని తిరగాలి. మా వైపు రెండో పెళ్ళి చేసుకున్నవాడు భార్య మెడలో పుస్తెలతో పాటు సవతమ్మ బిళ్ళ కూడా కట్టిస్తాడు. పోయిన ఆమె గుర్తు అది. కొత్త చీర కొంటే ముందు ఆమె పేరు చెప్పి, పసుపు కుంకుమ పెట్టి చూపించి, ఆ తర్వాతే నేను కట్టుకోవాలి. ఇది చాలా ఇళ్ళలో ఉన్నదే. మా అత్తమ్మ దగ్గర మాత్రం అది చీరతో ఆగలేదు. మిక్సీ వచ్చినా, కుక్కర్ వచ్చినా, ఆఖరికి దుప్పటి వచ్చినా ముందు సవతమ్మకు చూపించాల్సిందే. అంటే ఆ ఇంట్లో ప్రతి వస్తువునూ నేను సెకండ్‌హ్యాండ్‌గా వాడుకున్నట్టు లెక్క.

ఒక ట్యూషన్ యాప్ వాళ్ళకు తెలుగు మీడియం పిల్లల కోసం పాఠాలు రికార్డు చేసి పంపే పని నాకు దొరికింది. మధ్యాహ్నం పూట ముందు గదిలో తలుపు వేసుకుని చదివేదాన్ని. మా గల్లీలో ఇంకా దర్రీలు, అదే జంపఖానాలు, నేసే మగ్గాలు ఆడతాయి. కానీ తిన్నాక కాసేపు అవి ఆగుతాయి. అప్పుడే నా పని. చిక్కంతా మా పాత కంప్యూటర్‌తోనే. ఆన్ చేస్తే పిండిమిల్లులో కూర్చున్నట్టు ఉండేది. వెనకాల హోరు వస్తోందని నా పాఠాలు తిరిగి వచ్చేవి. ఇట్లాగే ఉంటే వేరే టీచర్‌ను చూసుకుంటామని యాప్ వాళ్ళు మర్యాదగానే చెప్పారు.

అప్పుడు మా ఆయన, నీకోసం చప్పుడు లేని కంప్యూటర్ నేనే కడతానన్నాడు.

ఆ ఆదివారాలు నాకు ఇప్పటికీ గుర్తే. ఒక్కో సామాను తెచ్చేవాడు. ముందు జాలీ ఉన్న పెద్ద కేబినెట్. గాలి బాగా ఆడితే ఫ్యాన్లు మెల్లగా తిరిగినా సరిపోతుందని, మెల్లగా తిరిగితేనే చప్పుడు ఉండదని చెప్పాడు. ముందు వైపు గాలి లోపలికి లాగే పెద్ద ఫ్యాన్లు, వెనక బయటికి తోసేది ఒకటి. ప్రాసెసర్ మీద ఇటుకంత కూలర్. దాని కింద వేడిని లాగే పేస్టు కందిగింజంతే పెట్టాడు, ఎక్కువ పెడితే వేడి లోపలే ఉంటుందట, ఆపైన కూలర్‌ను నాచేత నొక్కించాడు. గల్లీలో నూలు దుమ్ము ఎక్కువని జాలీల వెనక సన్నటి గుడ్డ బిగించాం. టార్చ్ పట్టుకున్నది నేను, స్క్రూలు అందించింది నేను. ఇద్దరి తలలూ ఆ డబ్బా మీదకు వంగి ఉండేవి. స్వరూపకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదట. మా ఇద్దరి మధ్య ఆమె లేని చోటు ఈ ప్రపంచంలో అదొక్కటే అనుకున్నాను.

మొదటిసారి ఆన్ చేసిన రోజు, ఆన్ అయిందో లేదో తెలియక చిన్న లైటు వైపు చూశాం. చప్పుడే లేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి ముందు సవతమ్మకు చూపించమంది. నేను చూపించనన్నాను. అప్పటిదాకా ఏ వస్తువుకూ ఎదురు చెప్పని దాన్ని, ఆ రోజు గట్టిగానే చెప్పాను. ఇది నాది, నా ఒక్కదానిది, నా కోసం కట్టింది. ఆయన స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

కొన్నాళ్ళు అంతా బాగుంది. పాఠాలు తిరిగి రావడం ఆగింది.

తర్వాత ఒక మధ్యాహ్నం నేను పాఠం చదువుతుంటే ఫ్యాను చప్పుడు ఒక్కసారి లేచింది. సర్రుమని కాసేపు తిరిగి ఆగింది. మళ్ళీ చిన్నగా రెండుసార్లు. మళ్ళీ పొడుగ్గా ఒకసారి. వేడెక్కిందేమోనని స్క్రీన్ మీద చూశాను. ఎప్పుడూ ఉండేంతే ఉంది. వెనక చెయ్యి పెట్టి చూశాను. గాలి చల్లగా, ఒకే తీరుగా వస్తోంది. చప్పుడు పెరిగినప్పుడు గాలి పెరగడం లేదు. ఇది నేను చాలాసార్లు పరీక్షించి చూసిన సంగతి.

సాయంత్రం ఆయన కూర్చుంటే ఏ చప్పుడూ లేదు. నేను మళ్ళీ ఒంటరిగా కూర్చుంటే వచ్చేది. ఆయన ఫ్యాను మార్చాడు. పేస్టు గీకి కొత్తది పెట్టాడు. ఆఖరికి ఫ్యాన్లను బోర్డు నుంచి తీసి నేరుగా కరెంటుకు కలిపాడు. అట్లా చేస్తే అవి ఒకే వేగంతో తిరగాలి తప్ప పెరగడం, తగ్గడం ఉండదు. అయినా వచ్చింది. డబ్బాను కాలేజీకి తీసుకుపోయి ల్యాబులో కొన్ని రోజులు నడిపితే అక్కడ చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేదన్నాడు. ఇంటికి తెచ్చి అదే గోడ దగ్గర పెట్టి నేను కూర్చున్నాను. మళ్ళీ అదే. నా పాఠాలు మళ్ళీ తిరిగి రావడం మొదలైంది.

పక్కింటి కౌసల్యక్కది దర్రీల మగ్గం. మా ముందు గదికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. ఒకరోజు చింతపండు కోసం వచ్చి, పోతూ పోతూ ఆగింది.

"మళ్ల మిషన్ వెట్టినవా శోభా? రోజు పగటీలి ఇనవడ్తాంది. నాయి రెండు జాకెట్లున్నయి, కుట్టిస్తవా?"

నాకు కుట్టు రాదు. మా ఇంట్లో కుట్టుమిషన్ లేదు. స్వరూపకు ఉండేది. మోటారు పెట్టించుకుని గల్లీ అందరి జాకెట్లూ ఆమే కుట్టేదట. ఆమె పోయాక మిషన్‌ను ఆమె చెల్లెలు తీసుకుపోయింది. అది ఉన్న చోటే, ప్లగ్గు అక్కడే ఉందని, నా కంప్యూటర్ పెట్టుకున్నాం.

భయం వేసిందని చెప్పాలి కదా ఇక్కడ. నిజానికి ముందు ఒళ్ళు మండింది. ఈ ఒక్కటి కూడా వదలవా అనుకున్నాను. కౌసల్యక్కకు ఏదో చెప్పి పంపించాను. మా ఆయనకు మాత్రం చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో నాకు లోపల తెలుసు.

చెప్పకపోయినా తెలిసింది. చప్పుడు ఏ తీరులో వస్తోందో పట్టుకుందామని ఆయన తిరిగి వచ్చిన పాఠం ఒకటి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. నేను ఎదురుగా కూర్చుని కొత్తిమీర కోస్తున్నాను. ఆయన ముఖం మారడం చూశాను. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు. ఇంకోసారి విన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీయకుండానే, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"జాకెట్‌కు చేతులు కుడుతాంది. చంకకాడికి రాంగనే ఆపుతది. బట్ట తిప్పుకుంటది. మళ్ల తొక్కుతది."

పెళ్ళయినప్పటి నుంచి ఆ ముఖం నా వైపు అట్లా ఒక్కసారీ తిరగలేదు. కత్తిపీట పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాను.

అప్పటి నుంచి ఆయన మధ్యాహ్నాలు సెలవు పెట్టి వచ్చి కూర్చునేవాడు. ఆయన ఉంటే చప్పుడు రాదు. వంటింట్లో కూర్చున్నా రాదు. కౌసల్యక్క ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నా రాలేదు. ఆయన దరిదాపుల్లో లేకుండా, ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఉంటేనే వచ్చేది. ఇంతకుముందు ఇంటికి రాగానే తిన్నావా అని అడిగేవాడు. ఇప్పుడు చెప్పులు విప్పకముందే, ఇయ్యాల వచ్చిందా అని అడిగేవాడు. వచ్చిందంటే ఆ ఫైలు పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక సాయంత్రం నేనే తెగించి, ఇది ఇట్లా ఎన్నాళ్ళని అడిగాను. నా పని పోయేలా ఉంది, అత్తమ్మ చెప్పినట్టు చీర, జాకెట్ గుడ్డ పెట్టి చూపించేస్తే ఆగుతుందేమోనన్నాను. ఫిజిక్స్ చదివిన దాన్ని నా నోటితో ఆ మాట అన్నాను.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు కలలకు గూడ ఒక్కసారి రాలే, శోభా. గిన్నేండ్లల్ల ఒక్కసారి. నీ దగ్గరికి రోజు వస్తాంది. నీకేం తక్కువ? చూపియ్యకు."

నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ నేను ఆమె మీద కుళ్ళుకున్నాను. ఈయన నా మీద కుళ్ళుకుంటున్నాడు. అది కూడా ఆమె కోసమే.

నేను చూపించాను. ఆయన కాలేజీకి పోయాక, అత్తమ్మను కూడా పిలవకుండా, నా పెట్టెలోంచి ఇంకా కట్టని చీర తీశాను. దాని మీద జాకెట్ గుడ్డ పెట్టి కేబినెట్ మీద ఉంచాను. బొట్టు పెట్టాను. బిళ్ళను చేత్తో పట్టుకుని, మంచి మాటలేం చెప్పలేదు. చూసుకో, చూసుకుని నాది నాకు వదిలెయ్ అన్నాను. తర్వాత మైకు ముందు కూర్చుని పాఠం మొదలుపెట్టాను. చివరిదాకా చప్పుడు రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాత ఎన్నడూ రాలేదు.

ఆ సాయంత్రం ఆయన అడిగితే రాలేదన్నాను. కేబినెట్ మీద కుంకుమ చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. వేలితో ఆ కుంకుమను కొంచెం తాకి, "జాకెట్ అయిపోయినట్టున్నది" అన్నాడు. అంతే. లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

నా పని నిలబడింది. యాప్ వాళ్ళు ఇంకో తరగతి పాఠాలు కూడా ఇచ్చారు. నూలు దుమ్ముతో ఫ్యాను అట్లా చేసి ఉంటుందని ల్యాబులో ఆయన స్నేహితుడు అన్నాడు. దుమ్ముకు నేను ఉన్నదీ లేనిదీ ఎట్లా తెలుస్తుంది? గాలి పెరగకుండా ఫ్యాను చప్పుడు ఎట్లా పెరుగుతుంది? కౌసల్యక్క ఊరికే మిషన్ అన్నదా? నేను చదివిన చదువులో ఏ మూల వెతికినా జవాబు లేదు. దయ్యం అనడానికి నోరు రాదు. కాదనడానికీ ఇప్పుడు నోరు రావడం లేదు.

పాడైన ఆ పాఠాలను నేను తుడిచేయలేదు. తుడిచేద్దామని కూర్చున్నాను కానీ, వాటిని ఆయన అప్పటికే వేరే చోట దాచుకున్నాడు. ఇప్పటికీ సాయంత్రం పూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాడు. నా గొంతు తగ్గించి వెనక చప్పుడు పెంచే మార్గం ఏదో కనుక్కున్నాడు.

మొన్న అట్లా వింటుంటే వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపాడు. అందులో నేను ఏం పాఠం చెప్తున్నానని అడిగాను.

రెండో చెవిది తీయకుండానే, "లెక్కలు గదా" అన్నాడు.

అది ఫిజిక్స్‌లో కటకాల పాఠం.