ఆజం చాచా నిలబెట్టిన పైపు

టీవీలు కొత్తగా వచ్చిన కాలంలో మా గద్వాలలో ఏ మిద్దె మీద చూసినా ఆజం చాచా నిలబెట్టిన యాంటెన్నానే కనబడేది. బొమ్మలో చుక్కలు పడుతున్నాయని కబురు వెళ్తే చాలు, మనిషి ఇనుప పైపు భుజాన వేసుకుని వచ్చేసేవాడు. ఆయన దగ్గరున్న మందు ఒక్కటే, ఎత్తు పెంచడం. "జర పైకి లేపుండ్రి, అదే వస్తది" అనేవాడు. నిజంగానే వచ్చేది.

తర్వాత కేబుల్ వచ్చింది, దాని వెనకే డిష్ గొడుగులు. పాత యాంటెన్నాల మీద జనం లంగాలూ లుంగీలూ ఆరేసుకున్నారు. చాచా ఎనిమిదేళ్లు ఇంట్లోనే కూర్చుని టేబుల్ ఫ్యాన్లు బాగుచేశాడు. అంత మాటకారి, నోరు విప్పడమే మానేశాడు. ఆయన భార్య తాజ్‌బీ ఒకసారి నాతో, "మిద్దె దిగినకాన్నుంచి ఈన మనిషే కాడు, నరేందర్" అంది.

ఆయన కొడుకు ఉవైస్ బస్టాండు దగ్గర నెట్ సెంటర్ పెట్టాడు. రోడ్డుకు ఇవతల నా జిరాక్స్ షాపు. 2008లో నేనూ ఒక కంప్యూటర్ కొన్నాను. ఉవైస్ వైరస్‌ల బాధ లేకుండా అందులో విండోస్ బదులు లైనక్స్ ఎక్కించి, వైర్‌లెస్ కార్డు బిగించి, దాని చిన్న యాంటెన్నా నా కిటికీకి కట్టి, తన నెట్‌నే నాకూ ఇచ్చాడు. బ్రహ్మాండంగా నడిచింది. ఇంతలో పోలీసులు ఉవైస్‌ను స్టేషన్‌కు పిలిచి, పాస్‌వర్డ్ లేని నెట్‌లోంచి ఎవడైనా బెదిరింపు మెయిల్ పంపితే మీ మెడకే చుట్టుకుంటుందని చెప్పారు. ఉవైస్ ఆ రోజే పాస్‌వర్డ్ పెట్టాడు. అక్కడ మొదలైంది నా దరిద్రం.

పది నిమిషాలు బాగుండేది, ఆ తర్వాత ఒక్క పేజీ తెరుచుకునేది కాదు. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా ఉండేవి. ఆపి మళ్లీ కలిపితే ఇంకో పది నిమిషాలు. రిజల్ట్ చూసుకుందామని వచ్చిన పిల్లలు నా మొహం మీదే తిట్టి పోయేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. "ఏందిర ఉవైస్, బాగు చేస్తవా, పెరికి నీ సెంటర్లనే పడేయాల్నా?" అని అరిచాను. నా నోరు అలాంటిది. కొడుక్కు టీ తెచ్చిన చాచా అది విన్నాడు.

"కిటికీకి కడితే ఎట్ల వస్తది? పైకి లేపాలె" అన్నాడు చాచా.

"సిగ్నల్ నిండుగనే ఉంది అబ్బా. పాస్‌వర్డ్ తీసేస్తే మంచిగ నడుస్తుంది. ఎత్తుతోని కాదు" అన్నాడు ఉవైస్ తండ్రితో.

అప్పటికే చాచా నా మిద్దె ఎక్కి పిట్టగోడను జానలతో కొలుస్తున్నాడు. ఉవైస్ రెండోసారి అనలేదు. ఎందుకు ఊరుకున్నావురా అని తర్వాత అడిగితే, "ఎన్నేండ్లకో అబ్బా నవ్విండు అన్నా. ఎట్ల వద్దంట?" అన్నాడు.

మొదటిరోజు పది అడుగుల పైపు. లాభం లేదు. రెండోరోజు పదిహేను. మూడోరోజు ఇరవై. చాచా పిట్టగోడ మీద నిలబడి పైపు తిప్పుతూ "వచ్చిందా?" అని పైనుంచి కేకేస్తాడు. కింద నా కంప్యూటర్ ముందు కూర్చున్న ఉవైస్ "రాలే అబ్బా!" అంటాడు. నిజం చెప్పొద్దూ, ఆ కేకలు వింటుంటే నాకు చిన్నప్పటి ఆదివారాలు గుర్తొచ్చి సంతోషమే వేసింది. మూడో "వచ్చిందా" తర్వాత ఇంకో కేక రాలేదు. షాపు ముందర దబ్బుమని చప్పుడైంది.

తుంటి విరిగింది. కర్నూలు దవాఖానలో రాడ్డు వేశారు. షుగరు మనిషి, గాయం మానలేదు. ఇక మంచం దిగడని చెప్పి పంపించారు.

ఉవైస్ పంతం పట్టాడు. వారం రోజులు నా షాపులోనే కూర్చుని కంప్యూటర్ రాసుకునే చిట్టాలన్నీ చదివాడు. చివరికి దొరికింది. పాస్‌వర్డ్ పెడితే మన మాటలన్నీ తాళం వేసి పంపాలట. ఆ తాళం వేసే పని కంప్యూటర్ కాకుండా కార్డే చేస్తోంది. తాళంచెవి పది నిమిషాలకోసారి మారుతుంది. కార్డును నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఆ కొత్త తాళంచెవిని కార్డుకు అందించడం లేదు. ఉవైస్ ఆ పని కార్డు దగ్గర్నుంచి తీసి కంప్యూటర్‌కే అప్పజెప్పాడు. ఒక ఫైల్లో ఒక్క లైను, అంతే. నెట్ పొద్దంతా ఆగలేదు. వాడు మాత్రం తల పట్టుకుని నా ముందరే ఏడ్చాడు.

తండ్రికి చెప్పలేదు, మిద్దె మీది పైపూ దించలేదు. చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ చాచా మంచంలోంచే చెప్పుకునేవాడు: "పడితె పడ్డగని, నా పైపు పనిచేసింది." ఉవైస్ తల ఊపేవాడు. నన్నూ ఊపమన్నాడు.

ఒక మధ్యాహ్నం బత్తాయిలు తీసుకుని వెళ్లాను. చాచా మళ్లీ పైపు సంగతే ఎత్తాడు. పిల్లగాడి గురించి నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్నాను, నా నోరు పడిపోను! "పైపుదేముంది చాచా, నీ కొడుకు ఒక్క లైను రాసి బాగుచేసిండు. పైపు లేకున్న గట్లనే నడుస్తుండె" అనేశాను.

చాచా నా వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ కొడుకును చూశాడు.

"అయితే నేను ఊకనే ఎక్కిన్నా, బేటా?"

ఉవైస్ వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. చాచా వాడి తల నిమిరాడు. ఆ తర్వాత ఎవరు వచ్చినా పైపు మాట ఎత్తలేదు.

నెల తిరక్కుండానే పోయాడు. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆయన పోయిన రోజు కాదు. నా మాట విన్న నాలుగో రోజున తాజ్‌బీతో కబురు పంపాడు, "గా పైపు దించమను, గాలికి ఎవరి మీదన్న పడ్తది" అని. ఉవైసూ నేనూ ఎక్కి దించాం. యాంటెన్నా మళ్లీ నా కిటికీకే కట్టాం. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఒక్కసారి ఆగితే బాగుండు, పైపు దించగానే ఆగిందని చాచా దగ్గరికి ఉరికిపోయి చెప్దామని చూశాం. సాయంత్రం దాకా నెట్ ఆగనే లేదు.