కెమెరాకు నేయించిన నవారు పట్టీ

కోరుట్లలో మా అన్నకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. నా పెళ్ళికి ముందు కొన్నేళ్లు, పెళ్ళయ్యాక మరికొన్నేళ్లు నేను అందులో పని చేశాను. పని అంటే స్టూడియోలో కూర్చోవడం కాదు. మా ఊళ్లో చాలా ఇళ్ల మగవాళ్లు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు. వాళ్ల భార్యలు స్టూడియోకు రావడానికి మొహమాటపడేవారు, ఫోటో తీసే మగవాణ్ణి ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. కానీ పుట్టిన పాప ఫోటో తండ్రికి పంపాలి కదా. అందుకని అన్న చెల్లెలినైన నాకు కెమెరా నేర్పాడు. ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీయడం నా వంతు, వాటిని కడిగి అచ్చు వేయడం ఆయన వంతు.

కెమెరా మా బావ సౌదీ నుంచి తెచ్చినది. చేతిలోకి తీసుకుంటే ఇటుకంత బరువు. దానితో వచ్చిన పట్టీ మాత్రం వేలెడు వెడల్పు లేని రెక్సిన్ ముక్క. అంత బరువును అంత సన్నటి పట్టీకి వేలాడదీసి ఊరంతా తిరుగుతున్నానని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు.

ఒక ఎండాకాలం రీళ్లు కొనడానికి జగిత్యాల వెళ్లాను. సాయంత్రం బస్టాండులో కోరుట్ల బస్సు రాగానే జనం తలుపు దగ్గర ఒకరినొకరు తోసుకున్నారు. నేనూ ఆ గుంపులో దూరాను. మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మెడ మీది బరువు ఒక్కసారిగా తగ్గిపోయింది. చూసుకుంటే పట్టీ తెగి వేలాడుతోంది, కెమెరా లేదు.

నేను అరిచేలోపే నా వెనక ఎవరో పెనుగులాడుతున్న చప్పుడు. తిరిగి చూస్తే, తోటకూర కట్టలు మూటగట్టుకున్న ఒక ముసలమ్మ, ఒక మనిషి చేతిలోని కెమెరాను తన రెండు చేతులతో పట్టుకుని గుంజుతోంది. వాడు బ్లేడుతో ఆమె చేతి మీద గీశాడు. ఆమె వదల్లేదు. జనం అటు తిరిగేసరికి వాడే వదిలేసి పరుగెత్తాడు. ఆమె అరచేతి నుంచి రక్తం కారుతూ తోటకూర మీద పడుతోంది.

"పట్టుకో బిడ్డా, గట్టిగ పట్టుకో," అని కెమెరా నా చేతిలో పెట్టింది.

నేను ఏడుస్తూ నా దస్తీ తీసి ఆమె చేతికి కట్టబోయాను. ఆమె తన చీర అంచే చింపి చుట్టుకుంది.

"నా చెయ్యికేంది, నాలుగొద్దులైతె మానుతది. గా కెమెరా కిందవడి పలిగితె మల్ల అతుకుతదా? ఏడ్వకు. పో, బస్సు పోతది."

ఎవరో నన్ను లోపలికి తోశారు, బస్సు కదిలింది. ఆమెది ఏ ఊరో కూడా అడగలేదు. ఆ తర్వాత జగిత్యాల వెళ్లిన ప్రతిసారీ బస్టాండులో కూరగాయలమ్మే వాళ్ల ముఖాలు వెతికాను. కనిపించలేదు.

అన్న విని భయపడ్డాడు. "ఇగ నువ్వు కెమెరా పట్టుకోని బయటికి పోకు. దొంగలు చూసి పెట్టుకున్నరు," అన్నాడు.

"కెమెరాది తప్పు కాదన్నా, పట్టీది. మంచి పట్టీ దొరికితె పోతగదా?"

"గసొంటి పట్టీ ఏడ దొరుకుతది?"

అదే నాకూ తెలియదు. అప్పటి నుంచి పట్టీ కోసం తిరగడం మొదలుపెట్టాను. జగిత్యాలలో ఒక దుకాణంలో నైలాను పట్టీ చూపించారు. చూడ్డానికి గట్టిగానే ఉంది. భుజాన వేసుకుంటే చీర మీద నిలవదు, జారిపోతుంది. అంచు మెడను కోస్తుంది. పైగా దాని మీద కెమెరా కంపెనీ పేరు పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. నా దగ్గర విలువైన వస్తువు ఉందని బజారంతా చాటింపు వేసినట్టే. ఇంకో చోట ఇనుప గొలుసు చూపించారు. అది ఎవరూ కోయలేరు నిజమే, కానీ మెడ మీది వెంట్రుకలన్నీ దాని కొక్కేల్లో ఇరుక్కున్నాయి.

చివరికి మా వీధి మొదట్లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కెమెరాను చేతిలో ఎత్తి చూసి, "బ్లేడుకు తెగొద్దంటె లోపట తీగ వెయ్యాలె చెల్లె," అన్నాడు. రెండు తోలు ముక్కల మధ్య స్కూటరు క్లచ్ వైరు పెట్టి, చుట్టూ మైనం పూసిన దారంతో కుట్టి ఇచ్చాడు. "ఇగ కత్తి వెట్టి కోసినా తెగది," అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. కాకపోతే రెండు పెళ్లిళ్లలో ఆడవాళ్ల ఫోటోలు తీసేసరికి చెమటకు తోలు ఒరుసుకుని నా మెడ పుండైంది. పట్టీ కింద దస్తీ మడిచి పెట్టుకుని తిరిగేదాన్ని. నొప్పిగా ఉన్నా సరే, పోదులే అన్న ధీమా ఉండేది.

అవి అన్నల రోజులు, నక్సలైట్లను మావైపు అలాగే అంటారు. కెమెరా ఎవరి మెడలో ఉన్నా అటు అన్నలకూ ఇటు పోలీసులకూ అనుమానమే. ఎవరి ఫోటో తీసి ఎవరికి ఇస్తారో అని. నేను ఆడవాళ్లనూ పసిపిల్లలనూ తప్ప ఎవరినీ తీయనని మా చుట్టుపక్కల ఊళ్లలో తెలుసు కాబట్టి నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఒకసారి సిరిసిల్ల వెళ్లాల్సి వచ్చింది. మా ఊరి కోడలు ఒకామె కాన్పుకు సిరిసిల్లలోని పుట్టింటికి వెళ్లింది. పాప పుట్టింది. మస్కట్‌లో ఉన్న తండ్రి ఫోటో పంపమని ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు.

పొద్దున్నే బస్సెక్కాను. చందుర్తి దాటాక పోలీసులు బస్సు ఆపారు. అది ఆ దారిలో మామూలే. సంచులు విప్పి చూసుకుంటూ వస్తున్న కానిస్టేబులు నా మెడలోని పట్టీని వేళ్లతో నొక్కి చూశాడు. ముఖం మారిపోయింది.

"సార్, గిండ్ల తీగె ఉన్నది!"

దారుల కింద మందుపాతరలు పేలుతున్న కాలం. తీగ అంటే పోలీసులకు ఒక్కటే అర్థం. నన్ను కిందికి దింపారు. వేపచెట్టు నీడలో ఎస్సై కుర్చీ వేసుకుని ఉన్నాడు. వయసులో చిన్నవాడే. మాట తీరును బట్టి ఇక్కడివాడు కాదు.

"ఈ వైరు ఎందుకమ్మా? ఎవరిచ్చారు?"

దొంగ సంగతి చెప్పాను. నాలుక తడబడుతుంటే నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన డ్రైవరును చూసి బస్సు తీసుకుపొమ్మన్నాడు. నడి వయసు మనిషి ఆ డ్రైవరు. అప్పటిదాకా నేను ఆయన ముఖం కూడా సరిగా చూడలేదు. ఆయన ఇంజను ఆపి కిందికి దిగాడు.

"సారూ, గా ఆడివిల్లను ఒక్కదాన్ని ఈడ ఇడిసిపెట్టి నేను బండి తియ్య. మీ పని కానియ్యుండ్రి. ఎంతసేపైనా ఆగుతం."

బస్సు కిటికీలోంచి ఒకామె, "మేం గూడ ఆగుతం," అంది. ఆ రోజుల్లో పోలీసులకు ఎదురు మాట చెప్పడం అంటే ఏమిటో ఇప్పుడు చెబితే అర్థం కాదు. ఎస్సై డ్రైవరునూ నన్నూ చూసి, పట్టీ కోయమన్నాడు. కత్తితో కుట్లు విప్పారు. వైరు బయటికి వచ్చింది, చివర చిన్న సీసపు గుండుతో సహా.

"గిది స్కూటరు క్లచ్ వైరే సారు," అన్నాడు డ్రైవరు.

ఈలోపు కానిస్టేబులు కెమెరా వెనక మూత మీద వేలు పెట్టాడు. నాకు అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం.

"మూత తియ్యకుండ్రి సారూ! బీడీలు చేసేటోళ్ల గుర్తింపు కార్డుల కోసం ఇరవై మంది ఆడోళ్లు పని ఇడిసిపెట్టి అచ్చి ఫోటోలు దిగిండ్రు. వెలుగు తాకితె అన్నీ ఖరాబైతయి."

ఎస్సై చెయ్యి ఎత్తి అతన్ని ఆపాడు. కెమెరా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మూత తెరవకుండానే నా చేతికి ఇచ్చాడు.

"దొంగ కోసం పెట్టుకున్నావు, బాగానే ఉంది. కానీ ఈ దారిలో వైరు పెట్టుకుని తిరగకు. నా తర్వాత ఇంకొకరు ఇంతసేపు వినకపోవచ్చు."

బస్సెక్కాక డ్రైవరుకు దండం పెట్టాను. ఆయన చేత్తో వారించి, "ముందు సీట్ల కూసో బిడ్డా. నీళ్లు తాగు," అన్నాడు. అంతే. బండి కదిలించాడు.

సిరిసిల్లలో ఆ ఇల్లు చేరేసరికి కెమెరా తువ్వాలులో చుట్టి గుండెకు అదుముకుని ఉన్నాను. ముందు గదుల్లో కొడుకుల సాంచాలు నడుస్తున్నాయి. కరెంటు మగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. వెనక గదిలో మాత్రం పాప తాత ఇంకా చేతి మగ్గం మీదే నేస్తున్నాడు. పాప ఫోటోలు తీయడం అయ్యాక అమ్మమ్మ నా మెడ చూసింది.

"ఏంది బిడ్డా, మెడంత పుండైంది?"

కొబ్బరినూనె రాస్తూ జరిగిందంతా చెప్పించుకుంది. మగ్గం మీది నుంచి తాత వింటున్నాడు.

"ఎండకాలం మెడకు తోలు ఎవలన్న ఏసుకుంటరా? నవారు తెల్వదా, మంచానికల్లేది? మనిషి బరువే మోస్తది. నీ కెమెరా ఎంత?" అన్నాడు.

"నూలు బ్లేడుకు తెగదా తాతా?"

ఫోటోలు ఇవ్వడానికి వచ్చే వారం వస్తావు కదా, అప్పుడు చూద్దామన్నాడు.

వారం తర్వాత వెళ్లేసరికి పట్టీ తయారుగా ఉంది. మూడు వేళ్ల వెడల్పు. ఒకదాని మీద ఒకటి మూడు పొరలు కలిపి, నొక్కి నొక్కి నేశాడు. భుజం మీదికి వచ్చే చోట మాత్రం నేత వదులుగా, మెత్తగా ఉంది. రంగు మట్టి రంగు. "బజార్ల ఎవ్వని కన్ను వడద్దు," అన్నాడు. తరువాత నేత దారాలు కోసే బ్లేడు నా చేతికిచ్చి, "కొయ్యి," అన్నాడు.

నాకు మనసొప్పలేదు.

"కొయ్యి బిడ్డా. దొంగోడు కోసేకంటె ముందుగాల నువ్వు కొయ్యి."

విడిగా నేసి పెట్టిన ముక్కను పట్టుకుని గట్టిగా ఒక గాటు పెట్టాను. పైపొరలో కొన్ని పోగులు లేచాయి. ఎన్నిసార్లు గీసినా అడుగు పొర దొరకలేదు. తాత నవ్వాడు. "వాడు ఒక్క గాటుకే గుంజాలె. గింతసేపు కోస్తుంటె నీకు తెల్వదా?"

ఎలా వేసుకోవాలో అమ్మమ్మ నేర్పింది. మెడలో కాదు, జంధ్యంలాగా ఒక భుజం మీది నుంచి అవతలి నడుము దాకా. పట్టీ పైన కొంగు. కెమెరా మోచేతి లోపల. "నిన్నటిదాక నా మీదనే ఏసి కొలిసిండు. రెండొద్దులు నన్ను పని చేసుకోనియ్యలే," అని మురిపెంగా కసిరింది.

ఏమివ్వాలని అడిగితే తాత కోపపడ్డాడు. కాసేపటికి తనే, "మా ఇద్దరికీ ఒక ఫోటువ తియ్యి, మగ్గం కాడ. పెండ్లైనప్పటి సంది కలిసి దిగలే," అన్నాడు. ఆయన మగ్గంలో, ఆమె పక్కన కండెలు చుడుతూ కూర్చున్నారు. నేను నవ్వమనకుండానే ఇద్దరూ నవ్వారు.

కోరుట్లలో పట్టీ చివరలను కెమెరా రింగులకు కుట్టింది మళ్లీ చెప్పుల పెద్దాయనే. జరిగింది విని, "నా తీగె నిన్ను జైలుకు పంపేదుండె," అని చాలా నొచ్చుకుని, అంతకు రెట్టింపు కుట్లు వేశాడు. ఆ ఎండాకాలమంతా కెమెరా నా మీద ఉందన్న సంగతే మరిచిపోయి తిరిగాను. మెడ మానింది.

మరుసటి శివరాత్రికి వేములవాడ జాతరలో, ఆ రద్దీలో వెనక నుంచి ఏదో గీకుతున్నట్టు అనిపించింది. ఒకసారి, రెండోసారి. చటుక్కున తిరిగేసరికి ఒకడు గుంపులోకి జారుకున్నాడు. పట్టీ మీద చిటికెన వేలంత గాటు. కెమెరా నా మోచేతిలోనే ఉంది. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. జగిత్యాల ముసలమ్మ, బస్సు డ్రైవరు, మూత తెరవని ఎస్సై, ఈ తాతా అమ్మమ్మా, అందరూ ఒక్కసారే గుర్తొచ్చారు. పేరు తెలియని వాళ్లకు దండం ఎలా పెట్టాలో తెలియక గుడి వైపు తిరిగి పెట్టాను.

ఇంటికి రాగానే తాతకు కార్డు రాశాను, మీ పట్టీని ఒకడు కోయబోయి ఓడిపోయాడని. వారానికి జవాబు వచ్చింది, ఆయన చెబితే కొడుకెవరో రాసినట్టుంది.

"బ్లేడు మొద్దుదై ఉంటది. గర్వపడకు. వచ్చేటప్పుడు పట్టీ పట్టుకరా, కోసిన కాడ రఫూ చేసిస్త. అమ్మమ్మ నీ కోసం సకినాలు దాసిపెట్టింది."

తర్వాతి సోమవారమే సిరిసిల్ల బస్సెక్కాను.