తిన్నగా అడిగిన పాపానికి

మద్రాసులో ట్రాములు ఇంకా గణగణమంటూ తిరుగుతున్న ఆ రోజుల్లో, మనిషి మనసు ఎలా పనిచేస్తుందో చదివి చెప్పే శాస్త్రం ఒకటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. మా అమ్మ, పెద్దమ్మ ఆ శాస్త్రాన్ని పోపు పెట్టినంత సులువుగా వాడేసేవారు. వాళ్ళ చేతికి దొరికిన మనిషి మా పెదనాయన. ఆయనకు జార్జిటౌనులో పప్పుల మండీ, రాయపురంలో అరుగున్న ఇల్లు ఉండేవి. నాన్న పోయాక అమ్మనీ నన్నూ ఆ ఇంట్లోకి తెచ్చుకుని ఏ లోటూ రానివ్వలేదు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను. చిక్కల్లా ఒక్కటే, ఎవరేం చెప్పినా ముందు "కాదు" అనందే ఆయన నోట రెండో మాట వచ్చేది కాదు. ఎండ మండిపోతోందంటే కాదు, కూరలో ఉప్పు తగ్గిందంటే కాదు. వీధిలో అందరూ ఆయన్ని చాటుగా "కాదుశెట్టి" అనేవారు. (ఎదురుగా అంటే దానికీ కాదంటారు గనక.)

అందువల్ల మా ఇంట్లో కావలసినదాన్ని వద్దని అడగడం ఆచారమైపోయింది. "పక్కింటోళ్ళు రేడియో కొన్న్యారంట, ఏం గోలో ఏమో, మనకొద్దు తల్లీ" అని పెద్దమ్మ కూరగాయలు తరుగుతూ తనలో తాను అనుకునేది. వారం తిరక్కుండా రేడియో వచ్చి కూర్చునేది. బావగారి ఎదుటపడి మాట్లాడకూడదు కాబట్టి అమ్మ తలుపు చాటున నిలబడి, నాతో చెబుతున్నట్టుగా, "తిరుపతికి ఈ ఏడు పోలేమే, ఎండలు జాస్తి" అనేది. మూటలు కట్టమని మర్నాడే ఆజ్ఞ. ఈ సంగతి తెలియని మేనత్త ఒకావిడ నెల్లూరి నుంచి వచ్చి, "అన్నా, వొదినకు రెండు గాజులు చేయించరాదా" అని నోరు జారింది. ఆ గాజులు ఎన్ని దీపావళులు వెనక్కి పోయాయో పెద్దమ్మనే అడగాలి.

నాకు ఒళ్ళు మండేది. ఇంత పెద్దమనిషిని ముగ్గురం కలిసి చంటిపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించడమేమిటి? మనకు కావలసింది మనమే వద్దనుకుంటూ బతకడమేమిటి? "తిక్కదానా, గమ్మునుండు" అనేది అమ్మ.

స్కూలు ఫైనలు ప్యాసయ్యాక, స్నేహితురాలితో కలిసి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగానికి అర్జీ పెట్టాను. పనిలో చేరమని పిలుపు వచ్చింది. నాకంటే అమ్మకే ఎక్కువ సంతోషం. "నా మాదిరి నువ్వు తలుపు చాటున నిలబడాల్సిన పన్లేదు" అంది. అని, వెంటనే పాఠం మొదలుపెట్టింది. "పెదనాయన ముందర తల వొంచుకొని నిలబడి, నాకు బయంగా ఉండాది, ఉద్యోగానికి నేను పోను అని చెప్పు. ఆయనే పొమ్మంటాడు."

"చెప్పను. పోవాలని ఉంది కాబట్టి పోతాననే చెబుతాను."

"చెడగొట్టుకుంటావే!"

"చెడితే చెడనీ."

ఆదివారం పొద్దున పెదనాయన కాఫీ తాగుతుండగా ఎదురుగా నిలబడ్డాను. తల వంచలేదు. "పెదనాయనా, నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చింది. నాకు పోవాలని ఉంది."

"కాదు, కూడదు" అన్నారు ఆయన, లోటా దించకుండానే. "మనింటి ఆడపిల్ల ఆడికిపోయి ఊరోళ్ళతో మాట్లాడేదేంది? వద్దు."

వంటింటి తలుపు వెనక అమ్మ ఆగలేకపోయింది. "బావగారు బాగా చెప్పినారు. ఉద్యోగమేంది, సద్యోగమేంది. ఇంట్లో పడుంటే సరి."

ఆయన లోటా కింద పెట్టారు. కనుబొమలు లేచాయి. "ఏం, పోతే ఏం? ఊళ్ళో ఎంతమంది ఆడపిల్లోళ్ళు పోతా ఉండారు! సుమ్మా, ఊరికే ఇంట్లో కూర్చొని ఏం చేస్తాదంట? పోనీ..."

నేను గెలిచినట్టే. నోరు మూసుకుని ఉంటే కథ అక్కడితో సుఖాంతం. కాని అప్పుడే నా తిక్క నెత్తికెక్కింది. "వద్దు పెదనాయనా. అమ్మ నాటకం ఆడుతోంది. మీరు కాదంటారని తెలిసి కావాలని అట్లా అంది. ఈ ఇంట్లో అందరూ మిమ్మల్ని అట్లాగే అడుగుతారు. నాకు వంకరదారిన వచ్చే అనుమతి అక్కర్లేదు."

రేడియో మాత్రం పాడుతూనే ఉంది. పెదనాయన దాని వైపు చూశారు, తర్వాత పెద్దమ్మ వైపు చూశారు. "ఇదీనా?"

పెద్దమ్మ తల దించుకుంది.

"తిరుపతి?"

తలుపు వెనక అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"టి. నగర్‌లో కొన్న పట్టుచీర? ఆ రంగు కండ్లల్లో గుచ్చుకుంటాదంటివి కదే!"

"అంటిని" అంది పెద్దమ్మ, వినీ వినబడకుండా.

ఆయన లేచి అరుగు మీదకు వెళ్ళి కూర్చున్నారు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే కాదనలేదు, రాలేదు. ఆ నోట "కాదు" కూడా రాకపోయేసరికి నాకు మొదటిసారి భయం వేసింది. అమ్మ మాత్రం నన్ను వంటింట్లో నిలబెట్టి ఉతికి ఆరేసింది. "పొమ్మన్యాడు కదే! నోరు మూసుకొని పోతే నీ సొమ్మేం పోయె?"

"ఆయన పొమ్మంది నా కోసం కాదమ్మా, నిన్ను కాదనడానికి" అన్నాను. ఏడుస్తూనే అన్నాను, కాని అన్నాను.

చేరాల్సిన రోజు పొద్దున అమ్మ చీర కట్టుకుని బయటికి వచ్చాను. పెదనాయన అరుగు మీదే ఉన్నారు.

"యాడికి?"

"పనికి."

"నేను వద్దంటినే."

"అవును పెదనాయనా."

"వద్దన్నా పోతా ఉండావా?"

"పోతా ఉండాను."

లేచి కండువా భుజాన వేసుకున్నారు. తర్వాత మూలనున్న గొడుగు అందుకున్నారు. "పద. ట్రాము దాకా వస్తా." దారిలో ఒక్కసారే మాట్లాడారు. "నిజంగానే పోవాలనుండాదా? ఇందులో వంకరేం లేదే?" లేదన్నాను. ట్రాము ఎక్కాక కింద నుంచి గట్టిగా అరిచారు, "నేను మాత్రం పొమ్మన్లేదు, తెల్సిందా!" బండిలో అందరూ నావైపే చూశారు.

ఆ తర్వాత ఇంట్లో ఆడవాళ్ళ బతుకు దుర్భరమైపోయింది (వాళ్ళ మాటే ఇది). ఏం కావాలన్నా ఆయన నిలదీసేవారు, "నిజం చెప్పండి, కావల్నా వద్దా?" పెద్దమ్మ తొందరగానే దారిలో పడి గాజుల మాట తిన్నగా ఎత్తింది. అమ్మకే చేతకాలేదు. అడిగినప్పుడల్లా తలుపు వెనకనుంచి పెరట్లోకి జారుకునేది. అన్నేళ్ళు వద్దు వద్దంటూ, తనకేం కావాలో వెతుక్కోవలసిన స్థితికి వచ్చేసింది. చాలా నెలల తర్వాత ఒక సాయంత్రం ఆ తలుపు వెనకనుంచే మెల్లగా అంది, "నాకు సముద్రం చూడాలనుండాది బావగారూ."

ఆ ఇంటి తలుపు గడియలు సముద్రపు గాలికే తుప్పుపట్టేవి. అమ్మ మాత్రం ఆ నీళ్ళు ఒక్కసారీ చూసి ఎరగదని మా ఎవరికీ తట్టలేదు. పెదనాయన అలవాటుకొద్దీ "కా..." అనబోయి, నాలుక కరుచుకుని, జట్కా పిలవడానికి వెళ్ళారు.

కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అలల్లో నిలబడ్డ అమ్మ, పొద్దుపోయినా వెనక్కి రానంది. తిన్నగా, అందరి ముందూ, "నేను రాను" అంది. లౌక్యం తెలియని మొండిదని మా బంధువులు నన్ను ఇప్పటికీ అంటారు. అననీండి. తల వంచకుండా కాఫీ లోటాకు ఎదురుగా నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నాకు నవ్వొస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది. ఈ వయసులో నాకు అంత ధైర్యం ఉందో లేదో గాని, ఆమెను గమ్మునుండమని మాత్రం చెప్పను.