కార్డు అడగని సుదర్శనన్న

నాకు నోరెక్కువని మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే ముందే చెప్పేస్తున్నాను, సుదర్శనన్న గురించి చెబుతుంటే మధ్యలో నాకు కోపం వస్తుంది. అదీ ఆయన మీదే వస్తుంది. మనిషికి మంచితనం ఉండాలి గానీ, సొంత కొంప ముంచుకునేంత ఉండకూడదు.

ఆఫీసు అంటే ఏదో పెద్ద భవనం అనుకునేరు. హనుమకొండలో టైర్ల దుకాణం మీద రెండు గదులు, అంతే. సర్కారు మా ఏజెన్సీకి ఒక పని కాంట్రాక్టుకు ఇచ్చింది. సర్కారు ఆరోగ్య కార్డు ఉన్న ఇళ్లలో ఇంకో బీమా ఏదైనా ఉందేమో కనుక్కోవాలి. రైల్వేది కావచ్చు, కంపెనీది కావచ్చు. ఉంటే ఆస్పత్రి ఖర్చు ముందు ఆ బీమా భరించాలి, దానికి మించిందే సర్కారు చూసుకుంటుంది. మాట న్యాయమైనదే, నేనేం కాదనను. ఇంటింటికీ తిరిగి అడిగి కాగితం నింపేది సుదర్శనన్న లాంటివాళ్లు. ఆ కాగితాలు కంప్యూటర్లో ఎక్కించేది నేను. నా పేరు రమ.

సుదర్శనన్నకు యాభై రెండేళ్లు. ఈ పనికి రాకముందు వరంగల్ చౌరస్తా దగ్గర, వాళ్ల నాన్న పెట్టిన బట్టల దుకాణంలో ఇరవై రెండేళ్లు కూర్చున్నాడు. చుట్టాలను వెంటేసుకొని వచ్చిన మనిషి గొప్పకు పోయి పట్టుచీర తీయమంటే, ఈయన ఆ మనిషి ముఖం ఒకసారి చూసేవాడట. కొనే తాహతు లేదని తెలిసిపోతే, ఆ రంగు మీకు నప్పదని తానే అనేసి మామూలు చీరలు పరిచేవాడట. బేరం పోతే మళ్లీ వస్తుంది గానీ నలుగురిలో పోయిన పరువు రాదు అనేవాడు. అన్నదమ్ములు పంచుకున్నాక దుకాణం నడవలేదని ఆయన చెబుతాడు గానీ, అసలు సంగతి నాకు ఈ చీరల ముచ్చట విన్నప్పుడే అర్థమైంది.

పోయిన ఎండాకాలం ఆయన కొత్తవాడలో ఇళ్లు తిరుగుతూ మొగిలయ్య ఇంటికి వెళ్లాడు. మొగిలయ్య జంపఖానాలు నేస్తాడు. ఆ వేళకు అతని భార్య సమ్మమ్మకు అన్న అయిన పాండురంగం అక్కడే ఉన్నాడు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకొని, చెల్లెలిని చూసిపోదామని వచ్చాడట. మగ్గం పనివాడికి చెల్లెను ఇచ్చి తప్పు చేశానని ముఖం మీదే అనే మనిషి. సరిగ్గా ఆయన కుర్చీలో కూర్చొని ఉండగా, వేరే బీమా ఏమైనా ఉందా అని సుదర్శనన్న అడిగాడు.

మొగిలయ్య బావ వైపు చూసి, తర్వాత ఇటు తిరిగి కొడుకు సంగతి చెప్పాడట.

“ఎందుకు లేదు సారు? మా వంశీ కాజీపేటల రైల్వేల చేస్తాండు. ఇంట్ల అందరికి రైల్వే దవాఖాననే. నీ చెల్లెకు ఏం ఫికర్ లేదు బావా.”

రూలు ప్రకారం అప్పుడే రైల్వే కార్డు చూపించమనాలి, నంబరు రాసుకోవాలి. కార్డు లేదని సుదర్శనన్నకు ఆ గొంతు విన్నప్పుడే తెలిసిపోయింది. కానీ బావ ముందు ఆ మనిషిని కార్డు తెమ్మని ఎలా అడగడం? రైల్వే అన్న గడిలో టిక్కు పెట్టి, రేపు ఒంటరిగా వచ్చి సరిచేద్దామనుకొని లేచాడు. మరునాడు ఆయనను పరకాల వైపు పంపారు. ఆ రేపు రానే లేదు. నంబరు లేదేమని నేను అడిగితే తెస్తానన్నాడు, నేను కూడా సరేనని ఎక్కించేశాను. ఆ తప్పులో నా వాటా అది.

నాలుగు నెలల తర్వాత మొగిలయ్య మా ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చాడు. చేతిలో ఆస్పత్రి కాగితం ఉంది. సమ్మమ్మకు గుండెలో వాల్వు చెడిపోయింది, వారంలోగా ఆపరేషన్ చేయాలన్నారు. సర్కారు కార్డు చూపిస్తే, మీకు రైల్వే బీమా ఉంది, ముందు అక్కడికి పోండి అన్నారు. రైల్వే వాళ్ల జాబితాలో వీళ్ల పేర్లే లేవు. ఎందుకుంటాయి? వంశీ చేసేది స్టేషను ఊడ్పించే కాంట్రాక్టర్ దగ్గర.

“సారు, జర ఆ రైల్వే ముచ్చట తీసెయ్యున్రి,” అని మాత్రం అన్నాడు. సుదర్శనన్న ముఖం చూడలేక గోడకేసి చూస్తూ అన్నాడు.

నేను ఊరుకోలేదు. అబద్ధం చెప్పేటప్పుడు తెలియదా, ఇప్పుడు మా మెడకు చుడతావా అని నానా మాటలు అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. సుదర్శనన్న అతన్ని కిందికి పంపించి, చాయ్ తాగి రమ్మని చెప్పి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

కంప్యూటర్లోని దిద్దుబాటు ఫారంలో కారణం రాయడానికి రెండు గడులు ఉంటాయి. కుటుంబం తప్పు చెప్పింది అని రాస్తే విచారణ పెడతారు, ఇంటివాళ్లను పిలిచి అడుగుతారు, దానికి నెల పడుతుంది. మా మనిషే తప్పు రాశాడు అంటే ఆ పూటే కార్డు తెరుచుకుంటుంది, ఆ పూటే తప్పు రాసిన మనిషి నౌకరీ పోతుంది. మా ఏజెన్సీ ఒప్పందం అలా ఉంది. మాకు బీమా కూడా ఏజెన్సీదే, నౌకరీ ఉన్నన్నాళ్లే ఉంటుంది. సుదర్శనన్న భార్య విజయలక్ష్మి వదినకు షుగరు ముదిరి కిడ్నీల దాకా వచ్చింది. ప్రతి నెలా ఆస్పత్రికి తీసుకుపోయేది ఆ బీమా మీదే.

ఆయన రెండో గడి చూపించి టిక్కు పెట్టమన్నాడు. నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను. అబద్ధం వాళ్లది, శిక్ష నీకా అని అడిగాను. నీకు పిచ్చి పట్టిందా అని కూడా అడిగాను.

“కార్డు చూడకుండ రాసింది ఎవలు చెల్లె? నేనే గద. ఇందుల అబద్ధం ఏమున్నది?”

“మరి వదినె సంగతేంది అన్నా?”

కింద టైర్లకు గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఆ సమ్మమ్మకు వారమే ఉన్నది,” అన్నాడు. “మీ వదినెకు ఇంక జర టైమున్నది.”

టిక్కు నేనే పెట్టాను, పంపించింది కూడా నేనే. సాయంత్రానికి సమ్మమ్మ కార్డు తెరుచుకుంది. సుదర్శనన్న మెడలోని ఐడీ కార్డు తీసి, తాడు మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. కార్డు సంగతి కనుక్కుందామని మళ్లీ మెట్లు ఎక్కిన మొగిలయ్యకు జరిగిందంతా నేనే చెప్పాను.

ఆపరేషన్ బాగా జరిగింది. తొమ్మిదో రోజున సమ్మమ్మను వార్డులోకి మార్చారని తెలిసి, చూసివద్దామని సుదర్శనన్నే నాకు ఫోన్ చేశాడు. నాలుగు బత్తాయిలు కొనుక్కొని వెళ్లాం. మంచం పక్కన మొగిలయ్య, పాండురంగం ఇద్దరూ ఉన్నారు. ఎండాకాలంలో చూసిన ముఖాన్ని పాండురంగం వెంటనే గుర్తుపట్టి లేచాడు. ఆఫీసువాళ్లు తప్పు రాశారని మొగిలయ్య తనకు చెప్పాడట. ఇక వార్డంతా వినపడేలా మొదలుపెట్టాడు. కళ్లు కనపడవా, చదువుకున్నావా లేదా, నీ వల్ల నా చెల్లె చావు అంచుకు పోయి వచ్చిందని దులిపేశాడు. నాకు ఒళ్లంతా మండిపోయింది. సుదర్శనన్న మాత్రం చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

“తప్పు నాదే పటేలా. నేనే సరిగ చూడలె,” అన్నాడు.

మొగిలయ్య అప్పటిదాకా నేలచూపులు చూస్తున్నాడు. లేచి వచ్చి బావకూ సుదర్శనన్నకూ నడుమ నిలబడ్డాడు.

“ఆయన్ను అనకు బావా. నీ ముందట చిన్నగయితనని నేనే అబద్ధమాడిన. మావోడు రైల్వేల లేడు, స్టేషన్ల ఊడుస్తడు. నా అబద్ధం ఆయన మీదేసుకున్నడు. ఆయన నౌకరి గూడ పోయింది.”

పాండురంగం చెల్లెలి మంచం అంచున కూలబడి, ఆమె కాలి మీద చెయ్యి వేసి, అటు తిరిగి కూర్చున్నాడు. పక్క మంచాల వాళ్లంతా మా వైపే చూస్తున్నారు. కుట్ల నొప్పికి సమ్మమ్మ గొంతు పైకి రావడం లేదు, అయినా తల తిప్పి సుదర్శనన్నను అడిగింది.

“సారు, మరి రేపు మీ ఇంట్ల ఎవలికన్న పానం బాగలేకపోతే, మీకేం కార్డున్నది?”

ఆయన తడుముకోలేదు. “మాకేం ఫికర్ లేదమ్మా. మా వినయ్ పెద్ద కంపెనీల చేస్తాండు. మా అందరికి అండ్ల బీమా ఉన్నది.”

వాళ్ల వినయ్ ఇంకా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు.

మొగిలయ్య ఆయన ముఖంలోకి చూశాడు, ఆ మాట ఎలాంటిదో అతనికి తెలిసిపోయింది. ఏ కంపెనీ అని అడగలేదు. సుదర్శనన్న రెండు చేతులూ పట్టుకొని, అందరూ చూస్తుండగా ఏడ్చాడు.