గాజుల అంగట్లో పత్తిచేల కథ

రెండో ప్రపంచయుద్ధం నడిచే రోజుల్లో బెంగుళూరు బళేపేటలో మా అత్తగారికి గాజుల అంగడి ఉండేది. ఇళ్ళకు పంపుకోవడానికి తెల్ల సోల్జర్లు వచ్చి గాజులు కొనేవాళ్ళు. వాళ్ళతో బేరమాడేంత ఇంగ్లీషు నేర్చుకోవాలని ఆమె పట్టు. కంటోన్మెంటులో ఒక అమెరికా దొరసాని ఆడవాళ్ళకు సాయంత్రాలు పాఠాలు చెబుతోందని విని, ఎనిమిదో క్లాసు దాకా చదివిన కోడల్నని నన్నూ తోడుకు జట్కా ఎక్కించింది.

దొరసాని బేరం మాటలు నేర్పలేదు. తన దేశం బొమ్మలు చూపించి, కథలు చెప్పి, వాటిలోంచే మాటలు నేర్పేది. ఎన్నాళ్ళయినా ధర చెప్పడం రాలేదని అత్తగారు దారంతా సణిగేది.

ఒకనాడు దొరసాని గ్రామఫోను పెట్టింది. ఒకే ఒక్క మగగొంతు, వెనక వాయిద్యం కూడా లేదు. మెల్లగా లేచి హాలంతా నిండింది. పాడే తీరుకు మాటలు నాకు సరిగా అందకపోయినా, చెవి అటే ఉండిపోయింది. పక్కకు చూస్తే అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

పాట అయ్యాక దొరసాని చెప్పింది, నేను తెలుగులో అందించాను. నల్లవాళ్ళను ఓడల్లో తమ దేశానికి పట్టుకొచ్చి అమ్మారని, పత్తిచేలల్లో చాకిరీ చేయించారని, ఈ పాట వాళ్ళు కట్టుకున్నదని.

"వాళ్ళకు ఇంగ్లీషు ఎవురు నేర్పించినారంట? అడుగు," అంది అత్తగారు.

ఎవరూ నేర్పలేదట. వాళ్ళకు అక్షరాలు చెప్పడమే చాలాచోట్ల నేరమట. యజమానుల నోట విని పట్టుకున్న మాటలతోనే అంత పాట అల్లుకున్నారట.

అత్తగారు గ్రామఫోను వైపు వేలు చూపించింది. తర్వాత నా సాయం లేకుండా, దొరసాని వైపు చూసి, "అగైన్," అంది. ఆమె తనంతట తాను ఇంగ్లీషు మాట పలకడం నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాత ఆమె ఒక్క క్లాసూ మానలేదు. సోల్జర్లకు ధర మాత్రం వేళ్ళతోనే చూపించేది. తెలుసుకున్న చరిత్రంతా గాజులు తొడిగించుకునే ఆడవాళ్ళకు చెప్పేది, కొందరికి తెలుగులో, కొందరికి కన్నడలో.

ఒకసారి దేవనహళ్ళి నుంచి ఒక చూలాలు సీమంతం గాజులకు వచ్చింది. చేతి మెటికలు మెల్లగా నొక్కుతూ అత్తగారు ఆమెకు కథ చెప్పింది. ఉత్తరాన ఒక చుక్కను గురుతు పెట్టుకుని, నదులు దాటి, అడవుల్లో నక్కి, ఆ జనం బానిసతనం లేని చోటికి ఎట్లా పారిపోయారో చెప్పింది. ఆ పిల్ల తన చేతి సంగతే మరిచిపోయింది.

"చేరినారా అమ్మా?" అని అడిగింది.

"అందరూ కాదు తల్లీ. పట్టుబడినోళ్ళు శానామంది ఉండారు. చేరినోళ్ళల్లో కొందరు మళ్ళా ఎనక్కి వచ్చి, ఇంకొందర్ని పిల్చుకొని పోయినారు."

క్లాసులో ఆ కథను ఆమెకు తెలుగులో చెప్పింది నేనే. అయినా అది ఎంత పెద్ద సంగతో నాకు ఆ పూటే తెలిసింది. అత్తగారు చెయ్యి చాచి అడిగేదాకా, అందించాల్సిన గాజులు నా చేతిలోనే ఉండిపోయాయి.