చెక్క ఫ్లోరింగ్ మీద నా వీరంగం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ అయ్యేలోపు ఒక నిక్షేపంలాంటి ఫ్లోరింగ్ చచ్చిపోతుంది. చంపింది నీళ్లేనని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

సెల్‌ఫోన్లకి ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్త రోజులవి. అప్పటి నన్ను చూస్తే, వీడు చెవికి ఫోన్ అతుక్కునే పుట్టాడేమో అనుకునేవారు. తింటున్నా ఫోనే, బండి మీదున్నా మెడకీ భుజానికీ మధ్య ఫోనే. ఇక కోపం సంగతంటారా, సిగ్నల్ లేకపోతే టవర్ ఎక్కడుందో కనుక్కుని, ఆ దిక్కుకి తిరిగి మరీ తిట్టేవాణ్ని.

నేనూ రాజు బావా కలిసి పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆఫీసు అద్దెకి తీసుకున్నాం. బావంటే చుట్టం కాదు లెండి, వైజాగ్‌లో స్నేహితుణ్ని పిలిచే పిలుపు. స్టీల్ ప్లాంట్ పనులు చేసే కాంట్రాక్టర్లకి కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసిపెట్టడం మా పని. ఓనరు రహీం భాయ్ మా పై వాటాలోనే ఉంటారు. మార్కెట్లో ఆయనకి కుళాయిల షాపు. మేం దిగబోయే ముందు ఆయన ముచ్చటపడి గదంతా చెక్క ఫ్లోరింగ్ వేయించారు. పలకలు ఒకదాన్నొకటి కరుచుకుని, తేనె రంగులో నిగనిగలాడుతూ ఉండేవి. మొదటి వారం రోజులూ నేను దాని మీద చెప్పులేసుకుని నడవలేదు.

ఒక ఎండాకాలం పొద్దున ఆఫీసు తాళం తీశాను. మర్నాడే ఒక పెద్ద కాంట్రాక్టరు మా ఆఫీసు చూడ్డానికి వస్తున్నాడు. నచ్చితే పని మాది. నచ్చకపోతే ఆఫీసు మూసేసి, రాజు బావ దువ్వాడలో వాళ్ల మావయ్య కోళ్లఫారంలో గుడ్లు ఏరుకోవాలి. నాకైతే ఆ గుడ్లు కూడా లేవు. అలాంటి రోజున తలుపు తీసి లోపల కాలు పెట్టగానే చప్పుమంది. మూలనున్న వాష్‌బేసిన్ నుంచి నా టేబుల్ దాకా నీళ్లు! బేసిన్ దగ్గరి పలకలు నూనెలో వేసిన అప్పడాల్లా ఉబ్బిపోయి ఉన్నాయి.

బుద్ధున్నవాడు గుడ్డ తెస్తాడు. నేను ఫోన్ తీశాను.

"భాయ్! ముందు కిందకి దిగండి! మీ బాత్రూం కారి నా ఆఫీసు సెరువైపోనాది!"

రహీం భాయ్ లుంగీ పైకి కట్టుకుంటూ దిగారు. నేలకేసి చూశారు. తర్వాత పైకి చూశారు. స్లాబు తెల్లగా, పొడిగా ఉంది.

"పైన తడి లేదు కదా బాబూ?"

"ఆరిపోనాది! ఎండాకాలం కాదేటి?"

"పైనది ఆరిపోనాది, కిందది ఆరలేదా?"

"అదంతా నాకు తెల్దు భాయ్. బేసిన్ సూడండి! మీ నీళ్లు కారి కారి ఎలా నిండిపోనాదో!"

నిజమే, బేసిన్ అంచుదాకా నిండి ఉంది. అడుగున కన్నానికి అడ్డంగా ఒక నూనె కాగితం పడుకుని ఉంది. మీకు ఈపాటికి ఏదో తట్టే ఉంటుంది. నాకు తట్టలేదు. తట్టాలంటే బుర్రలో కాస్త చోటుండాలి, అప్పుడు దాన్నిండా కోపమే.

"అరే బాబూ, ఇయ్యాల మా కుళాయిలో సుక్క రాలేదు. నాను స్నానమే సెయ్యలేదు. నీ ఆఫీసుకి నీళ్లు ఎక్కణ్నించి పంపిత్తాను?"

"అంటే నాను అబద్ధం సెప్తన్నానా?"

"కోపం ఎందుకు? తుడిసేసి ఫ్యాన్ ఎయ్యి. ఉబ్బింది ఆ రెండు వరసలే, అవి మార్పిద్దాం. మిగతాది ఆరినాక సూద్దాం."

'చూద్దాం' అనే మాట వింటే నాకు ఒళ్లు మంట.

"సూసేదేటి లేదు! మొత్తం మార్చాల్సిందే! పలకల కింద అంతా నానిపోయుంటాది. ఉండండి, సూపిత్తాను!"

స్క్రూడ్రైవర్ తెచ్చి, గది నడిమధ్యన పలకల సందులో గుచ్చి, బలంకొద్దీ పెకలించాను. పలక కెవ్వుమని విరిగి లేచింది. కింద చూస్తే పొడి గచ్చు.

"దుమ్ము లేత్తంది బాబూ," అన్నారు రహీం భాయ్ తుమ్ముతూ.

"ఇక్కడ కాదు, అటేపు!"

అటేపూ దుమ్మే. కిటికీ కింద దుమ్ము. బీరువా పక్కన దుమ్ము. లంకెబిందెల కోసం తవ్వేవాడిలా నేను ఒక్క తడిచుక్క కోసం గదంతా పీకేస్తున్నాను. "ఆగు బాబూ, అవి బాగున్నాయి కదా," అని ఆయన అన్నకొద్దీ నాకు పట్టుదల పెరిగింది.

సగం గది పళ్లూడిన నోరులా తయారయ్యేసరికి ఫోన్ మోగింది. రాజు బావ. నా ఫోన్ సౌండు ఎప్పుడూ ఫుల్లే. బావ మాట పక్క వీధికి కూడా వినిపిస్తుంది.

"బావా, ఏటా సప్పుడు?"

"ఫ్లోరింగ్ పీకతన్నాను బావా! భాయ్ బాత్రూం కారి ఆఫీసంతా నీళ్లు!"

"నీళ్లా? నిన్న సాయంత్రం కుళాయి కట్టేసేవా?"

"ఏ కుళాయి?"

"అదేటి బావా! పునుగులు తిని సెయ్యి కడుక్కుంతా నాతో మాట్లాడతన్నావ్ కదా? 'ఛీ, కుళాయి తిప్పితే గాలే వత్తంది' అని మున్సిపాలిటీని తిట్టేవు. ఆ మీదట క్రికెట్ మాట్లాడుకుంతా నువ్వు బండెక్కేసేవు. ఇంతకీ కట్టేసేవా, లేదా?"

నేనూ రహీం భాయ్ ఒకేసారి కుళాయికేసి చూశాం. నోరు బార్లా తెరిచి ఉంది.

మా వీధికి నీళ్లు తెల్లారగట్ట కాసేపే వచ్చి పోతాయి. వచ్చాయి. తెరిచిన కుళాయిలోంచి దూకాయి. బేసిన్ కన్నానికి నా పునుగుల కాగితం అడ్డం పడి ఉంది కాబట్టి నేల మీదికి నడిచాయి. కింద కుళాయి తెరిచుంటే పైకి ప్రెజర్ ఎక్కదు. అంటే నేను నిలబడి అంతసేపూ అరిచింది రహీం భాయ్ స్నానం నీళ్లలో!

"బావా? లైన్లో ఉన్నావా?"

"తర్వాత మాట్లాడతాను బావా," అన్నాను. నా అంతట నేను ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.

"భాయ్..." అన్నాను, నేలకేసి చూస్తూ. చూడ్డానికి అక్కడ నేలేది?

"మాటలొద్దు. ముందెళ్లి బోరింగు కాడ నీళ్లు కొట్టి తే. స్నానం సెయ్యాల."

బకెట్లతో మెట్లెక్కుతుంటే సందంతా చూసింది. దించిన తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే రహీం భాయ్ తమ ఇంట్లోంచి పెళ్లిళ్లకి పరిచే పెద్ద ఎర్ర జంపఖానా దింపి, విరిగిన పలకల మీద తనే పరిచారు. కాంట్రాక్టరు వచ్చి, దాన్ని చూసి మర్యాదగా బూట్లు విప్పాడు. రెండడుగులు వేశాడు. కిర్రుమంది.

"ఏటది?"

నేను గుమ్మం వైపు చూశాను.

"పాత బిల్డింగు సార్," అన్నారు రహీం భాయ్ గుమ్మంలోంచి. "కుర్రోళ్లు మంచోళ్లు."

పని మాకే వచ్చింది. ఫ్లోరింగ్ విషయంలో కూడా చివరికి నా మాటే నెగ్గింది. మొత్తం మార్చాల్సిందే అన్నాను కదా, మొత్తం మార్చాం. పీకినవాడే వేయించాడు.

ఆ తర్వాత రహీం భాయ్ షాపు నుంచి కొత్త కుళాయి తెచ్చి బిగించారు. రైలుపెట్టెల్లో ఉంటుంది చూడండి, నొక్కి పట్టుకున్నంతసేపే నీళ్లొచ్చే రకం.

"భాయ్, ఒక సెయ్యి నొక్కడానికే పోతాది కదా?"

"రెండోది కడుక్కో."

"మరి ఫోనో?"

"అందుకే ఇది తెచ్చేను బాబూ."

కాబట్టి ఆ కుళాయి మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. నా నేల మీద ఇంకెప్పుడు నీళ్లు కనబడినా, పైకి చూసే ముందు పక్కకి చూస్తాను. ఫోన్‌కి దణ్ణం పెట్టి దూరంగా పెట్టి మరీ ఈ మాట రాస్తున్నాను. అది మోగుతోంది. మోగనివ్వండి. ముందు లేచి కుళాయి చూసొస్తాను.