ఐదు వందల మందిలో ఆరు వందలు

కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాగలత పన్నెండేళ్లుగా చరిత్ర చెబుతోంది. సొంతూరు కోసిగి పక్క పల్లె. చిన్నప్పుడు ఏటా అమ్మా పెద్దక్కల వెంట సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు తెంపే వలసపనికి పోయేది. ఆ మూడు నెలలూ బడి ఉండేది కాదు.

ఎమ్మేలో అమెరికా చరిత్ర చదువుతూ వర్జీనియా దగ్గర ఆగిపోయింది. ఓడ ఎక్కే స్తోమత లేని ఇంగ్లండు కూలీలు, ఏళ్ల తరబడి జీతం లేకుండా పొగాకు తోటల్లో చాకిరీ చేస్తామని కాగితం రాసిచ్చి అక్కడికి వచ్చారట. చాలామంది గడువు తీరకముందే జ్వరాలతో పోయారట. దొరల దేశంలోనూ సుగ్గి జనం ఉన్నారా అని ఆమెకు ఒళ్లు జలదరించింది.

ఆరేళ్లు కూర్చుని తెలుగులో పుస్తకం రాసింది. తొలి చలికాలాల ఆకలి, మొక్కజొన్నలు పెట్టిన అక్కడి జనం నేల పోగొట్టుకోవడం, బలవంతంగా తెచ్చిన ఆఫ్రికావాళ్లకు రానురాను గడువన్నదే లేకుండా పోవడం, అన్నీ అందులో ఉన్నాయి. రెండు వందల పది పేజీలు.

ప్రెస్సు గిడ్డయ్య దాన్ని చేతిలో తూకమేసి చూశాడు. "ఇంత లావు ఎవురు సదువుతారు మేడం? పిల్లోల్లకు బిట్లు కావల్ల. ముప్పై పేజీల గైడు చేసియ్యండి, ఏసేస్తా."

అసలు రాకపోవడం కన్నా నయమనుకుంది. పళ్లు బిగబట్టి తానే కోసింది. పేజీలకు పేజీల ఆకలి ఒక్క మార్కు ప్రశ్నయింది: ఆ చలికాలం ముందు ఐదు వందల మంది ఉంటే, తర్వాత ఎందరు మిగిలారు?

గైడు వచ్చిన వారానికి మధులత అనే విద్యార్థిని లేచి అడిగింది. "మేడం, ఐదు నూర్ల మందిలో ఆరు నూర్ల మంది ఎట్ల మిగిలినారు?"

నాగలత ఆ మధ్యాహ్నమే ప్రెస్సుకు పోయింది.

"ఒక సున్నా ఎక్కువ పడిండాది, అంతే కదా," అన్నాడు గిడ్డయ్య. "మళ్లీ ఏసేటప్పుడు సూద్దాం."

"నాలుగు నూర్ల మందికి పైగా సచ్చిపోయినారన్నా! సున్నా అంటావేమి?"

గిడ్డయ్య అప్పటికే ఫోనులో ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు.

మర్నాడు క్లాసులో ప్రతి గైడులోనూ తన పెన్నుతో 600 కొట్టేసి 60 అని రాసింది. ఆరోజు పాఠం జరగలేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. పేపర్లు దిద్దే చోట ఇచ్చిన జవాబుల కాగితంలో 600 అని ఉంది. ఎవరో ఆ గైడునే చూసి తయారుచేసినట్టున్నారు. నాగలత లేచి గొడవపడింది. "ఇచ్చినట్టు దిద్దండి మేడం, టైము లేదు," అన్నాడు అక్కడి చీఫ్ ఎగ్జామినర్. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చింది. జవాబు రాలేదు.

ఫలితాలొచ్చాక మధులత స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. "మీరు దిద్దినందుకే మా క్లాసోల్లందరికీ ఒక మార్కు పాయ మేడం. గైడులో ఉన్నట్టు రాసినోల్లకు పడింది."

"మిగిలింది అరవై మందేనమ్మా," అంది నాగలత.

"అది నాకు తెలుసు మేడం. మార్కు సంగతి అడుగుతాండా."